ఇద్దరు సేవకురాళ్ళూ ఒక గంటా

ఆ రోజుల్లో నాకు కోపం ముక్కు మీదే ఉండేది. ఇప్పుడు లేదని కాదు, ఇప్పుడక్కడ కళ్ళజోడు కూడా చేరింది కనుక కోపానికి జాగా కాస్త తగ్గింది. బీయీడీ కొత్తగా పూర్తి చేసి, సర్టిఫికెట్లన్నిటికీ ప్లాస్టిక్ కవర్లు తొడిగించుకుని, లోకంలో ఏ పని ఆగినా ఎవరూ గట్టిగా అడక్కపోవడం వల్లే ఆగుతుందని నమ్మే వయసు. అలాంటి నన్ను తీసుకెళ్ళి, ఏ విషయమూ ఒకరినొకరు నేరుగా అడగని చోట ఉద్యోగంలో పడేశాడు దేవుడు. (ఏ దేవుడు అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు. మా దేవుడే అని మా నాన్న అంటారు. వాళ్ళ దేవుడేనని మా టీచరమ్మ గారు అనేవారు. ఆ ఘనత వదులుకోవడానికి ఇద్దరిలో ఎవరూ సిద్ధంగా లేరు.)

గోదావరి గట్టు కింద, రాజమండ్రికి బస్సులో గంట ప్రయాణం ఉండే ఊరు. అక్కడ ఒకే ప్రహరీ గోడ లోపల రెండు క్రైస్తవ స్కూళ్ళు ఉండేవి. గేటులోంచి వెళ్తే ఎడమ పక్క తెలుగు మీడియం, కుడి పక్క ఇంగ్లీషు మీడియం, మధ్యలో చర్చి, చర్చి వసారాలో వేలాడే ఇనప గంట. రెండు స్కూళ్ళకీ కలిపి అసెంబ్లీ ఒకటే, గంట ఒకటే, మంచినీళ్ళ ట్యాంకు ఒకటే, ఫిజిక్స్ చెప్పే టీచరు ఒకతే. ఆ ఒకతెనూ నేనే. కోనసీమలో పౌరోహిత్యం చేసే ఇంట్లోంచి వచ్చినదాన్ని కనుక మా వాళ్ళేమంటారోనని భయపడ్డాను గానీ, మా నాన్న "అద్దాలకీ కటకాలకీ మతమేంటే? వేళకి భోంచెయ్యి, అది చాలు" అని బస్సెక్కించేశారు.

ఎడమ పక్క స్కూలుకి హెడ్మిస్ట్రెస్ టీచరమ్మ గారు. కుడి పక్క స్కూలుకి ప్రిన్సిపాల్ మేడం గారు. ఇద్దరూ యాభై దాటినవాళ్ళు, ఇద్దరూ గంజి పెట్టిన నేత చీరలే కట్టేవారు, ఇద్దరి చేతిలోనూ జిప్పు వేసిన నల్ల తోలు కవరులో బైబిలు ఉండేది. టీచరమ్మ గారు ఏ పనికైనా "ఏకమనస్సు రావాలమ్మా" అనేవారు. మేడం గారు ఏ సమస్య చెప్పినా "దాని గురించి నాకూ భారం ఉందమ్మా" అనేవారు (దిగులుతో ప్రార్థిస్తున్నానని అర్థం). ఒకరికి ఏకమనస్సు రావాలి, ఇంకొకరికి భారం దిగాలి. ఈ రెండూ జరిగేలోపు మా లాబ్‌లో స్పిరిట్ దీపాలకి స్పిరిట్ కూడా వచ్చేది కాదు.

అసలు సంగతేంటంటే, వాళ్ళిద్దరికీ మాటల్లేవు. ట్రైనింగు కాలేజీలో ఒకే గదిలో ఉన్న స్నేహితులట, ఒకే పళ్ళెంలో తిన్నవాళ్ళట. నేను చేరడానికి ముందటి ఏడాది రాజమండ్రిలో క్రైస్తవ పాఠశాలల ప్రధానోపాధ్యాయులందరికీ ఆత్మీయ నాయకత్వం మీద సదస్సు జరిగింది. అందులో వీళ్ళిద్దరినీ దీనత్వం గురించి చెరొక సాక్ష్యం, అంటే సొంత అనుభవం, చెప్పమన్నారు. టీచరమ్మ గారు తాను ఎంత దీనురాలో చెప్పడానికి లేచి, చెప్పీ చెప్పీ, మేడం గారికి ఇచ్చిన సమయం కూడా వాడేసుకున్నారు. మేడం గారి దీనత్వం వినకుండానే జనం భోజనాలకి లేచిపోయారు. ఆ రోజు నుంచి ఇద్దరూ ఎదురుపడితే "వందనాలండి" అంటే "వందనాలండి" అనుకోవడమే. అంతకు మించి ఒక్క ముక్క లేదు.

మరి ఒకే కాంపౌండులో రెండు స్కూళ్ళు ఎలా నడిచేవని మీరు అడగొచ్చు. ప్రార్థన మీద నడిచేవి. నెలకోసారి మా కరస్పాండెంటు అయ్యగారి (చర్చి పాస్టరు గారే, బహు మెత్తని మనిషి) ఇంట్లో ప్రార్థన కూడిక ఉండేది. టీచర్లలోంచి నన్నొక్కదాన్నే పిలిచేవారు, నేను రెండు పక్కలకీ చెందినదాన్ని కనుక. మొదటిసారి వెళ్ళినప్పుడు అందరూ కళ్ళు మూసుకున్నారు, నేనూ మూసుకున్నాను. మేడం గారు మొదలుపెట్టారు.

"కృపగల తండ్రీ, మంచినీళ్ళ ట్యాంకు విషయమై నా భారము నీవెరుగుదువు. మోటారు వేసి, ఆపకుండా ఇంటికి వెళ్ళిపోవు వారి హృదయములను నీవే ముట్టుము తండ్రీ."

నాకు కళ్ళు వాటంతటవే తెరుచుకున్నాయి. మోటారు వేసేది టీచరమ్మ గారి ప్యూను. వెంటనే టీచరమ్మ గారు అందుకున్నారు.

"ప్రేమగల ప్రభువా, ఆ మోటారు స్విచ్చి ఎవరి వరండాలో ఉన్నదో నీకు మరుగైనది కాదు. తమ వరండాలోని స్విచ్చి తాము కట్టలేని వారిని క్షమించుము. వారికి కనులు దయచేయుము."

"ఆమెన్" అన్నారు మేడం గారు, అందరికంటే గట్టిగా. "ఇరువురి మనవులనూ ఆలకించుము తండ్రీ" అని అయ్యగారు ముగించారు. కళ్ళు తెరిచారు. అయ్యగారి భార్య వేడివేడిగా ఇడ్లీలు పట్టుకొచ్చారు. అల్లప్పచ్చడి గిన్నె మేడం గారు టీచరమ్మ గారి వైపు జరిపారు, ఆవిడ తలాడించి వేసుకున్నారు. మర్నాటి నుంచి ట్యాంకు పొర్లడం ఆగిపోయింది! (నవ్వడానికి నాకు పెద్ద అర్హతేం లేదు. మా బామ్మ దేవుడి గదిలో కూర్చుని, వంటింట్లో ఉన్న మా అమ్మకి వినపడేంత గొంతుతో "స్వామీ, పులుసులో ఉప్పు వెయ్యడం మర్చిపోయేవాళ్ళకి నువ్వే జ్ఞాపకశక్తి ఇవ్వాలి" అనేది. కాకపోతే మా బామ్మకి నాయకత్వం మీద ఎవరూ సదస్సు పెట్టలేదు.)

ఇక నా గొడవకి వస్తాను. మా ఊరికి ఎదురుగా గోదావరి మధ్యలో ఒక లంక ఉంది. అక్కణ్ణించి చాలామంది పిల్లలు మా స్కూళ్ళకి వచ్చేవారు. తెల్లవారి వచ్చే మొదటి పడవ నిండా పాల క్యాన్లూ వంకాయ బుట్టలూ. పిల్లలకి చోటుండదు. రెండో పడవలో వచ్చి, రేవులో దిగి, గట్టెక్కి, పరుగున వచ్చినా వాళ్ళు గేటు చేరేసరికి మా గంట కొట్టేసేవారు. గంట కొట్టాక గేటు వేసెయ్యాలని నియమం. అసెంబ్లీ అయ్యేదాకా ఆలస్యంగా వచ్చినవాళ్ళు బయట ఎండలో నిలబడాలి. అసెంబ్లీలో పాట, వాక్యం, తర్వాత ఇద్దరు హెడ్ల ప్రార్థనలు. ఒకరు ఎంతసేపు చేస్తే రెండోవారు అంతకంటే ఒక్క నిమిషమైనా ఎక్కువే చేసేవారు. అది ముగిసేసరికి మొదటి పీరియడు సగానికి పైగా హరించుకుపోయేది. ఆ మొదటి పీరియడు పదో తరగతికి నా ఫిజిక్సు.

లంక పిల్లల్లో ఒక అమ్మాయి ఉండేది, పదో తరగతి. స్టాఫ్ అందరూ పడవ పిల్ల అనేవారు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ తడిసిన బట్టల అంచులతో ఉండేది. నా పాతికేళ్ళ ఉద్యోగానుభవంలో... లేదు, అంత అనుభవం నాకు ఇప్పటికీ లేదు. ఉన్నంతలో చెప్తున్నాను, అంత తెలివైన పిల్లని నేను చూడలేదు. గేటు బయట నిలబడి ఊరుకునేది కాదు. లోపల ప్రార్థన జరుగుతుంటే ఊచల్లోంచి నన్ను పిలిచి, "మేడం, నీళ్ళల్లో తెడ్డు వంకరగా కనపడతాది కదండి, మరి పడవ నీడ ఎందుకు వంకర పోదండి?" అని అడిగేది. నేను ఊచల మధ్యలోంచి చెయ్యి పెట్టి దాని నోటుబుక్కు మీద కిరణాలు గీసేదాన్ని. వాచ్‌మన్ వచ్చి "మేడం గారండి, ప్రార్థన అవుతుందండి, పాఠం చెప్పకూడదండి" అనేవాడు. అటు దేవుడు, ఇటు వక్రీభవనం. నాకు ఒళ్ళు మండిపోయేది.

దసరా సెలవులకి కొన్ని వారాల ముందు ఆ పిల్ల తండ్రి గేటు దగ్గరికి వచ్చాడు. లంకలో కూరగాయలు పండించే రైతు. బుజం మీద తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"మేడం గారండి, మీరు ఏమీ అనుకోకండి. దీన్ని దసరా దాకా పంపుతానండి. ఆ తర్వాత మాన్పించేత్తానండి."

"అదేంటండీ? పదో తరగతి!"

"ఆయ్, తెలుసండి. కానీ రోజూ గేటు కాడ నిలబెడతన్నారండి. రేవులో దిగే ప్రతివోడూ చూసి, మీ అమ్మాయి ఏం తప్పు చేసిందిరా అంటన్నాడండి. ఏం చెప్పమంటారండి? ఆత్రేయపురంలో మా చెల్లుందండి, పూతరేకులు చేత్తాదండి. ఈ పిల్లని తోలేత్తే పని నేర్పుతానందండి. అక్కడైతే ఎవరూ బయట నిలబెట్టరు కదండి."

ఆ పిల్ల పక్కనే నిలబడి ఉంది.  ఎప్పుడూ ఏదో ఒకటి అడిగే పిల్ల ఆ రోజు నన్నేమీ అడగలేదు. దానికే నాకు ఎక్కువ బాధేసింది. "గంట అరగంట వెనక్కి జరిపిస్తానండి, నాదీ పూచీ" అనేశాను. అరగంట! ఎనిమిదీ ముప్పావుకి కొట్టే గంట తొమ్మిదింబావుకి కొడితే రెండో పడవ పిల్లలందరూ నింపాదిగా నడిచి రావచ్చు. ఒక్కరికీ నష్టం లేదు. ఇంత చిన్న పని ఎవరు కాదంటారు?

ఎవరూ కాదనలేదండీ! అదే నా ఖర్మ. కాదంటే పోట్లాడేదాన్ని.

ముందు టీచరమ్మ గారి దగ్గరికి వెళ్ళాను. మొత్తం విన్నారు, కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి. "తప్పకుండా మార్చాలమ్మా. తొమ్మిదింబావు బాగుంటుంది. కానీ చెప్పవలసింది నేను కాదు. నాయకురాలంటే కింద కూర్చునే సేవకురాలు కదా. మేడం గారు నిర్ణయించనీ, నేను లోబడతాను."

ఆనందంగా కుడి పక్కకి పరిగెత్తాను. మేడం గారూ విన్నారు, నిట్టూర్చారు. "నాకు ఆ లంక బిడ్డల గురించి ఎప్పటినుంచో భారం ఉందమ్మా. తొమ్మిదింబావే సరైనది. కానీ ముందుగా నేను చెప్తే అధికారం చూపించినట్టు కాదూ? నేను దాసురాలిని. టీచరమ్మ గారు నిర్ణయించనీ, నేను వెనకాల నడుస్తాను."

మళ్ళీ ఎడమ పక్కకి. "మేడం గారు ఒప్పుకున్నారండి. మీరు చెప్తే చాలన్నారు."

"చూశావా ఆవిడ దీనత్వం! ఆవిడ అంత తగ్గించుకుంటే నేను పెద్దరికం చేస్తానా? ఆవిణ్ణే చెప్పమను."

మళ్ళీ కుడి పక్కకి. "నన్నే చెప్పమన్నారా? అలా అని నన్ను ముందుకి తోసి, అందరి ముందూ గర్విష్ఠిని చేద్దామనుకుంటున్నారేమో. అడగమ్మా, ఆవిణ్ణే అడుగు."

పోట్లాడుకునే పెద్దల్ని చూశాను గానీ, ఇలా ఒకరికంటే ఒకరు కిందకి దిగడానికి పోటీపడే పెద్దల్ని ఎక్కడా చూడలేదు. ఇద్దరికీ సమ్మతమే, ఇద్దరికీ అదే టైము కావాలి, మధ్యలో నా చెప్పులు అరిగిపోతున్నాయి. ఒకరోజు ఉండబట్టలేక "ఒక్కసారి ఫోన్ చేసి మీరిద్దరూ మాట్లాడేసుకోవచ్చు కదండీ?" అన్నాను. టీచరమ్మ గారు నా వైపు జాలిగా చూశారు. "అలా లోకరీతిగా మాట్లాడుకుంటే సమాధానం ఉండదమ్మా. ప్రార్థనలో పెడదాం" అన్నారు. (సమాధానమంటే వాళ్ళ మాటల్లో జవాబు కాదు, శాంతి.)

పెట్టారు. ఆ నెల కూడికలో టీచరమ్మ గారు "లంక బిడ్డల విషయమై నిర్ణయము చేయవలసిన నీ దాసురాలికి ధైర్యము దయచేయుము" అని ప్రార్థించారు. మేడం గారు "ఆ నిర్ణయము ఎవరి నోట రావలెనో వారి నోరు తెరువుము" అని జవాబిచ్చారు. అయ్యగారి వైపు ఆశగా చూశాను. కరస్పాండెంటు కదా, ఆయన ఒక్క మాట అంటే చాలు. ఆయన "వారిరువురి ఏకమనస్సు కొరకు కనిపెట్టుదుము తండ్రీ" అని ముగించేశారు. (కనిపెట్టడమంటే ఎదురుచూడటమట.) ఆ రోజు ఇడ్లీ ముట్టుకోలేదు. కోపంలో నేనూ ఒక ప్రార్థన చేసేద్దామా అనుకున్నాను గానీ, మా నాన్న గుర్తొచ్చి ఊరుకున్నాను.

ఇక సెలవులకి వారమే ఉందనగా మళ్ళీ ఆ ఏడాది సదస్సు వచ్చింది. రాజమండ్రిలో, గోదావరి ఒడ్డున ఒక చర్చి హాలు. గుమ్మంలో 'సేవక నాయకత్వం' అని ఫ్లెక్సీ.  ఉన్న సేవతోనే చస్తున్నాం, ఇంకా నేర్పుతారా? లాప్‌టాప్‌లో బొమ్మలు వెయ్యడం నాకు తెలుసని అయ్యగారు నన్నూ కారెక్కించారు. ముందు సీట్లో అయ్యగారు, వెనకాల హెడ్లిద్దరి మధ్యా నేను. దారంతా "కిటికీ కాస్త వెయ్యమని చెప్పమ్మా", "గాలి కావాలని చెప్పమ్మా" అని నా మీదుగా మాట్లాడుకున్నారు. రాజమండ్రి చేరేసరికి నాకు మెడ పట్టేసింది.

హాలు నిండా రెండు జిల్లాల హెడ్మాస్టర్లూ హెడ్మిస్ట్రెస్లూ. ప్రసంగించడానికి వచ్చిన ఆయన ఆ ఉక్కలో కూడా కోటు విప్పలేదు. పొద్దుటి నుంచీ నాయకుడు ఎలా వంగాలో చెప్తూనే ఉన్నారు. భోజనాల వేళ దగ్గర పడి, పక్క షెడ్డులోంచి బిర్యానీ వాసన వస్తుండగా (నాకు విడిగా పప్పూ, దొండకాయ వేపుడూ చేయించారని అయ్యగారు అప్పటికే రెండుసార్లు చెప్పారు) ఆయన కొత్త కార్యక్రమం ప్రకటించారు. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క జంటలుగా ఏర్పడి, ప్రభువు శిష్యుల పాదాలు కడిగినట్టు ఒకరి పాదాలు ఒకరు కడగాలి. "ఎవరితో మీకు సమాధానం లేదో వాళ్ళనే ఎంచుకోండి" అన్నారు.

అందరూ హడావుడిగా లేచి, ఎవరితో బాగా సమాధానం ఉందో వాళ్ళనే ఎంచుకున్నారు. నిమిషంలో కుర్చీలు, స్టీలు బేసిన్లు, తువ్వాళ్ళు సర్దుకున్నాయి. చివరికి మా హెడ్లిద్దరే మిగిలిపోయారు. ఎదురుగా ఒక కుర్చీ, ఒక బేసిను, ఒక చెంబు.

"మీరు కూర్చోండి" అన్నారు టీచరమ్మ గారు. వందనాలు కాకుండా, ఏడాది తర్వాత నేరుగా అన్న మొదటి మాట. 

"లేదండి, మీరే కూర్చోండి. నేను కడగాలి."

"నేను చిన్నదాన్నండి, నన్ను కడగనివ్వండి."

"మీరు నాకంటే ఆర్నెల్లు పెద్దండి."

"ప్రభువు పొద్దున్నే నాతో మాట్లాడాడండి, మీ పాదాలు కడగమని."

"నాతో కూడా మాట్లాడాడండి. రాత్రే."

బేసిను అంచు ఇద్దరూ చెరో పక్కా పట్టుకున్నారు. లాగుతున్నట్టు కనపడకూడదని ఇద్దరి ముఖాల మీదా చిరునవ్వు. బేసిను మాత్రం అటూ ఇటూ ఊగుతోంది. సగం నీళ్ళు నేల మీద ఒలికి, నా లాప్‌టాప్ వైరున్న చోటికి పాకాయి. నేను పరిగెత్తి ప్లగ్గు పీకాను. మిగతావాళ్ళంతా కడుక్కుని, తుడుచుకుని, కౌగిలించుకుని, కళ్ళు తుడుచుకుని, బిర్యానీ వైపు చూస్తున్నారు. కోటాయన చేతులు జోడించి "పరిశుద్ధాత్మ పని చేస్తున్నాడు, కనిపెడదాం" అన్నారు.

ఇంకా కనిపెట్టాలా! నా కడుపులో ఆకలి, మెడ నెప్పి, చేతిలో తడిసిన వైరు. ఆత్రేయపురంలో మేనత్త ఇంట్లో పూతరేకుల కోసం కుండ బోర్లించుకుని కూర్చోబోతున్న పిల్ల కళ్ళ ముందు కనపడింది. కూర్చునే మనిషి లేకే ఇక్కడ ఏదీ కదలడం లేదని నాకు అప్పుడు తట్టింది. వంగడానికి ఇద్దరున్నారు, కూర్చోవడానికి ఒక్కరూ లేరు. తిన్నగా వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నాను. చెప్పులు విడిచి, రెండు కాళ్ళూ బేసినులో పెట్టేశాను.

 ఇద్దరూ నన్ను చూశారు. నా ముఖంలో ఏం కనపడిందో ఏమో, ఇద్దరూ ఒక్కసారే మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఎడమ స్కూలావిడ ఎడమ కాలు, కుడి స్కూలావిడ కుడి కాలు.

అప్పుడుగానీ నాకు చేసిన పని అర్థం కాలేదు. అయ్యబాబోయ్! మా ఇంట్లో పెద్దవాళ్ళు మన కాళ్ళు ముట్టుకుంటే ఆయుష్షు తగ్గిపోతుందంటారు. ఒక పెద్దావిడ కాదు, ఇద్దరు! లేచి పారిపోదామంటే కాళ్ళు వాళ్ళ చేతుల్లో ఉన్నాయి. మనసులో ఒక పక్క మా ఇలవేల్పుకి దణ్ణాలు పెట్టుకుంటూ, ఇంకో పక్క పళ్ళు బిగించుకుని కూర్చున్నాను. వంగిన రెండు తలలు నా ముందున్నాయి. టీచరమ్మ గారి పాపిడి దగ్గర రంగు వెలిసి తెల్లగా ఉంది. మేడం గారి మెడ మీద చెమట. ఏదో తంతుకి నీళ్ళు చల్లి వదిలేస్తారనుకున్నాను. లేదు. కారు దిగినప్పుడు నా కాళ్ళకంటిన మట్టిని వేళ్ళ సందుల్లోంచి ఓపిగ్గా తీస్తున్నారు. నా చిటికెన వేలి పక్కన, లంక పిల్లల కోసం ఎడమ నుంచి కుడికీ కుడి నుంచి ఎడమకీ తిరిగినందుకు చెప్పు కరిచిన పుండుంది. దాన్ని చూసి మేడం గారి చెయ్యి ఆగింది. తర్వాత బహు మెల్లిగా కడిగారు. అప్పటిదాకా వీళ్ళది వేషమనుకున్నాను. కాదు. ఆ క్షణంలో నాకు ఇంకా ఎక్కువ కోపం వచ్చింది. ఇంత మంచితనం పెట్టుకుని ఇన్నాళ్ళు నన్ను తిప్పుతారా?

బేసినులో ఉన్న కాసిని నీళ్ళూ అప్పటికే మురికైపోయాయి. చెంబు మేడం గారి పక్కన ఉంది. టీచరమ్మ గారు తలెత్తకుండానే చెయ్యి చాపి అన్నారు.

"ఒసేయ్, నీళ్ళు పొయ్యవే."

"ఉండవే, వస్తున్నా" అన్నారు మేడం గారు.

ఆ మాట నోట్లోంచి వచ్చాక ఇద్దరూ బిగుసుకుపోయారు. చెంబు గాల్లో ఆగింది. అయ్యగారు ఏదో ప్రార్థన మొదలుపెట్టబోయారు. ప్రార్థనలోకి వెళ్ళనిస్తే మళ్ళీ వచ్చే ఏడాదే అనుకుని, నేను గబగబా అనేశాను.

"గంట తొమ్మిదింబావుకి కొట్టించండి."

ఇద్దరూ తలెత్తి నన్ను చూశారు.

"సోమవారం నుంచే" అన్నాను. "లేకపోతే నేనీ కుర్చీలోంచి లెయ్యను."

"సరేనమ్మా" అన్నారు ఇద్దరూ. ఒకేసారి. ఎవరు ముందు అన్నారో ఆ హాల్లో ఎవరూ చెప్పలేరు. తర్వాత ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఏడ్చారు, ఆ వెంటనే నవ్వారు, నా రెండు కాళ్ళూ చెరో తువ్వాలుతో తుడిచారు. కోటాయన మైకులో దీన్ని గొప్ప సాక్ష్యంగా వర్ణిస్తుంటే నేను వెళ్ళి పప్పన్నం తిన్నాను. తిరుగు ప్రయాణంలో నన్ను కిటికీ పక్కకి నెట్టేసి ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. ట్రైనింగు కాలేజీ రోజుల నుంచి మొదలుపెట్టి ఊరొచ్చేదాకా మాట్లాడుతూనే ఉన్నారు. నాకు ఒక్క నిమిషం కునుకు పట్టనివ్వలేదు. కిటికీ మాత్రం వేసే ఉంచారు.

సోమవారం గంట తొమ్మిదింబావుకి మోగింది. లంక పిల్లలు పరిగెత్తకుండా, మాట్లాడుకుంటూ గేటులోంచి నడిచొచ్చారు. పడవ పిల్ల తండ్రి కూడా వచ్చి రోడ్డుకి అవతల నిలబడి, తన కూతురు లోపలికి వెళ్ళడం చూసి, తువ్వాలు బుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. పదో తరగతి వరసలో ఆ పిల్ల మొట్టమొదటిసారి నిలబడింది. 

అప్పుడు టీచరమ్మ గారు, కొత్త గంట కోసమూ ఏకమనస్సు కోసమూ కృతజ్ఞతా ప్రార్థన మొదలుపెట్టారు. ఆవిడ ముగించాక మేడం గారు అందుకున్నారు. ఇప్పుడు పోటీ లేదు, ప్రేమ. ఒకరి కోసం ఒకరు, ఇద్దరూ కలిసి లంక కోసం, పడవ కోసం, పడవ నడిపేవాడి కోసం, గోదావరి కోసం ప్రార్థించారు. మొదటి పీరియడు పోయింది. నా ఫిజిక్సు! ముందు సగమే పోయేది, ఆ రోజు మొత్తం పోయింది. అందరూ కళ్ళు మూసుకుని ఉన్నారు. వరసలోంచి పడవ పిల్ల ఒక కన్ను తెరిచి నన్ను చూసింది. "మేడం, బయటైతే ఈపాటికి సగం పాఠం అయ్యేదండి" అంది పెదవులు కదిపీ కదపకుండా. నోరు మూసుకోమని కళ్ళెర్రజేశాను. నా జీవితంలో అంత సంతోషంగా ఎవరినీ కసురుకోలేదు.

ఆ పిల్ల ఇప్పుడు కరెంటాఫీసులో ఇంజినీరు. హెడ్లిద్దరూ రిటైరై, పక్కపక్క ఇళ్ళు అద్దెకి తీసుకుని, పొద్దున్నే కలిసి నడకకి వెళ్తున్నారట. నేను వేరే ఊళ్ళో ఒక స్కూలుకి హెడ్మిస్ట్రెస్‌నయ్యాను. నాయకత్వం మీద ఏడాదికోసారి నాకూ శిక్షణ ఇస్తారు. ఏసీ హాలు, ఫైలు, పెన్ను, కాఫీ, బిస్కట్లు. ఎవరి కాళ్ళూ ఎవరూ ముట్టుకోరు. నేను రాసుకుంటాను, చప్పట్లు కొడతాను, వచ్చేస్తాను. ఎవరేం అడిగినా "కమిటీలో పెడదాం, చూద్దాం" అనడం మాత్రం బాగా వంటబట్టింది.

మొన్న మా స్కూల్లో కొత్తగా చేరిన లెక్కల టీచరు నా గదిలోకి వచ్చింది. దేని గురించో మూడోసారి అడగడానికి. నేను అలవాటుగా "చూద్దామమ్మా" అన్నాను. ఆ అమ్మాయి ముఖం జేవురించింది. "మేడం, చూసింది చాలండి. చేస్తారా చెయ్యరా, అది చెప్పండి" అంది.  అంత కోపం, అంత నమ్మకం ఒకప్పుడు నా దగ్గరా ఉండేవి. ఎక్కడ పారేసుకున్నానో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. నవ్వొచ్చింది, కాస్త కళ్ళు కూడా చెమర్చాయి. లేచి వెళ్ళి, నా ఎదురుగా ఉన్న కుర్చీ ఆమె వైపు లాగి, "కూర్చో తల్లీ, ఏం చెయ్యాలో చెప్పు" అన్నాను.